టేకుచేప ఆత్మకథ

నేను చేపను కాను, చేపలా కనిపించడానికి పుట్టినదాన్ని. జానెడు పొడవు, టేకు ఒళ్లు, గిన్నెలా తొలిచిన నోరు, తల నుంచి తోక దాకా లోపల దూర్చిన స్టీలు తీగ, ఆ తీగకు వేలాడే కొక్కేలు. ఇదీ నా రూపం. సముద్రంలో పెద్ద చేపల వెంట తిరిగేవాళ్లు నన్ను పాపర్ అంటారు, నా జాతి మొత్తాన్ని లూర్లు అంటారు. నా చెక్క కామాటిపురలో కూల్చిన ఒక పాత చాల్ (కూలీల గదుల వరుసల ఇల్లు) దూలంలోది. ముంబయి పాత ఇళ్ల నుంచి దిగే బర్మా టేకును తలుపులకూ కుర్చీలకూ కొనుక్కుపోతారు, మిగిలిన ముక్కలో నాలాంటిది ఒకటి తయారవుతుంది. సరదాకు చేపలు పట్టడం డబ్బున్నవాళ్ల వేడుక అనీ, నేను వాళ్ల ఆటబొమ్మననీ చాళ్లలో చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. నేను పనిముట్టును. అలసిన సముద్రంలోంచి ఏ చేపను తీసుకోవాలి, దేన్ని వదలాలి అని మనిషి నిలబడి ఆలోచించుకునే వీలు నాతో ఉన్నంతగా వలతో లేదు. ఆ వీలుకు అర్థం ఉండాలంటే నాకు చిక్కినవాటిలో అన్నిటికంటే పెద్దదాన్ని మళ్లీ నీళ్లలోకి వదలాలి. చేతికందిన పెద్ద చేపను వదలమంటే వింతగా ఉంటుందని తెలుసు కనుక కారణాలన్నీ చెబుతాను.

ముందు నా ఊరి సంగతి. కామాటిపుర ఉన్న నేల ఒకప్పుడు సముద్రం వచ్చిపోయే పల్లం. మహాలక్ష్మికీ వర్లీకీ మధ్య ఉన్న గండిలోంచి పోటునీరు దూరి బొంబాయి దీవుల నడిమి భాగాన్ని ముంచేది. గవర్నర్ విలియం హార్న్‌బీ హయాంలో 1780ల్లో ఆ గండికి అడ్డకట్ట పడ్డాక పల్లాలు మెల్లగా ఆరాయి. నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి మట్టిపనికీ రాతిపనికీ వచ్చిన కామాటీలు ఆ శతాబ్దం చివర్లో అక్కడ స్థిరపడ్డారు. తరవాత మిల్లుల్లో నేతపనికి పద్మశాలీలు వచ్చారు, వాళ్ల ఆడవాళ్లు ఇళ్లలో బీడీలు చుట్టారు, తెలుగు మాట వర్లీ బీడీడీ చాళ్ల దాకా పాకింది. లోకం మాత్రం ఈ పేటను వేశ్యావృత్తి అనే ఒకే ఒక్క వ్యాపారంతో గుర్తుపెట్టుకుంది. నగరానికి రాయి మోసిన చేతులను అది మరిచిపోవడం నాకు ఇప్పటికీ బాధే. ఈ చరిత్ర ఎందుకు చెబుతున్నానంటే, ఈ నగరం మొదటినుంచీ సముద్రం దగ్గర తీసుకుంటూనే పెరిగింది. 2024లో తెరుచుకున్న కోస్టల్ రోడ్ కోసం మళ్లీ కొంత సముద్రాన్ని పూడ్చారు. తమ పడవల దారి మూసుకుపోకుండా వర్లీ కోళీవాడ జాలర్లు పోరాడాకే వంతెన స్తంభాల మధ్య ఎడం 60 మీటర్ల నుంచి 120 మీటర్లకు పెరిగింది. నీటిని ఇంత తీసుకున్న ఊరు నీటిలోని జీవాన్ని ఎంత మిగలనిస్తుందన్నదే నా ప్రశ్న.

డబ్బున్నవాళ్ల బొమ్మ అన్న మాటకు ఇప్పుడు జవాబు చెబుతాను. ఈ ఆటకు క్లబ్బులూ నియమాలూ పెట్టింది కలిగినవాళ్లే, కాదనను. 1898లో కాలిఫోర్నియా తీరంలోని కాటలీనా దీవి దగ్గర చార్లెస్ ఫ్రెడరిక్ హోల్డర్ 83 కిలోల సూరచేపను గాలపుకర్రతో, రీలుతో పట్టి, ఆ ఏడాదే అక్కడ ట్యూనా క్లబ్‌ను స్థాపించాడు. అయితే లూర్‌ను కనిపెట్టినవాళ్లు వేరు. ఐరోపా ఓడలు చేరకముందే పసిఫిక్ దీవుల జాలర్లు ముత్యపుచిప్పను చెక్కి, దానికి ఎముక కొక్కెం కట్టి, పడవ వెనక ఈడ్చి సూరచేపలు పట్టేవారు. 1936లో ఫిన్లండ్‌లో లౌరీ రాపాలా బెండుముక్కను చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, ఫోటో నెగెటివ్‌లు కరిగించి పూత పూసి తన లూర్ తయారుచేశాడు. అతను చేపలు అమ్ముకుని పిల్లల్ని సాకిన జాలరి. పెద్ద చేప చిన్నచేపల గుంపులోకి దూసుకెళ్లి, సరిగ్గా ఈదలేక తడబడే చిన్నదాన్నే ఎంచుకోవడం పడవలోంచి గమనించి ఆ తడబాటును బెండులోకి తెచ్చాడు. మన వైపు లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో సూరచేపలను వెదురుకర్రకు కట్టిన మెరిసే కొక్కెంతో ఒక్కొక్కటిగా లాగుతారు. ఆ కొక్కేనికి వెనక్కి వంగిన ముల్లు ఉండదు, తాడు వదులైతే చేప దానంతట అదే జారిపోతుంది. నా పూర్వీకులంతా ఇలా పొట్టకూటి ఇళ్లలో పుట్టినవాళ్లే. పడవ లేనివాడికీ వల కొనలేనివాడికీ కూడా నేను అందుతాను. ఒక కర్ర, ఒక రీలు, నిలబడడానికి వర్లీ సముద్రపు గోడో బాండ్రా బండలో ఉంటే చాలు. పనిచేసే మనిషికి ఆట అవసరం లేదనేవాళ్లకు దాదర్‌ను చూపిస్తాను. అక్కడ తెలుగువాళ్లు తమ ఆంధ్ర మహాసభకు ఒక జింఖానాను, అంటే ఆటల క్లబ్బును కూడా జతచేసుకున్నారు.

ఇక అసలు వాదన. వల ఎంచదు. అడుగును ఊడ్చుకుంటూ పోయే ట్రాల్ వల సంచిలో తల్లీ పిల్లా కలిసే వస్తాయి, పైకి వచ్చేసరికి చాలావాటికి ప్రాణం ఉండదు. పశ్చిమ తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా యంత్రపు పడవల వేటను ఆపడం, 2023లో మహారాష్ట్ర ప్రభుత్వం 54 రకాలకు కనీస సైజు నిర్ణయించడం చేపలు తరిగిపోతున్నాయన్న భయంతోనే. రెండూ మంచి పనులే. కాకపోతే కనీస సైజు నియమం వల దగ్గరికి వచ్చేసరికి ఆ పిల్లచేప చచ్చి ఉంటుంది, నా దగ్గరికి వచ్చేసరికి బతికి ఉంటుంది. 2021 ఆగస్టులో పాల్ఘర్ జిల్లా ముర్బే జాలర్లకు ఒకే వేటలో 157 ఘోళ్ చేపలు పడ్డాయి, 1.33 కోట్ల రూపాయలు పలికాయి. ఘోళ్ ఈతతిత్తికి విదేశాల్లో ఉన్న గిరాకీ అలాంటిది. ఆ ఇళ్లకు దక్కిన అదృష్టానికి నేను మనసారా సంతోషిస్తాను. కానీ ఒకచోట చేరిన పెద్ద చేపల గుంపును ఒక్కసారిలో ఎత్తేయడం వలకు సాధ్యమని అదే సంఘటన చెబుతోంది. నన్ను విసిరితే వచ్చేది ఒక్క చేప. అది దగ్గరికొచ్చాక పట్టినవాడు దాన్ని చూస్తాడు, కొలుస్తాడు, నిర్ణయించుకుంటాడు.

పెద్దదాన్నే ఎందుకు వదలాలి? దీనికి అన్నిటికంటే గట్టి సాక్ష్యం తెలుగువాళ్లకు బాగా తెలిసిన పండుగప్పే. ముంబయి ఖాడీల్లో, అంటే సముద్రపు పాయల్లో, దాన్ని జితాడా అంటారు. ఈ చేప మగదిగా ఎదిగి, కొన్నేళ్లు గడిచాక ఆడదిగా మారుతుంది. అంటే మీటరు దాటిన పండుగప్ప దొరికిందంటే అది దాదాపుగా గుడ్లు పెట్టే తల్లే. అలాంటివాటినే ఏరి తీసుకుంటూ పోతే మిగిలేది మగవాటి మంద. కొమ్ముకోనాం అనే నల్ల మార్లిన్ జాతిలోనూ భారీ శరీరాలు ఆడవాటివే, మగవి వాటిలో చిన్న వంతు బరువు దగ్గరే ఆగిపోతాయి. పైగా చేపకు ఒంటితో పాటు గుడ్ల సంఖ్యా పెరుగుతుంది. ఒక పెద్ద తల్లి పెట్టే గుడ్లు ఎన్నో చిన్న తల్లుల గుడ్లకు సమానం. ఇది తెలుసుకున్న ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తన తూర్పు తీరంలో పండుగప్పకు రెండు గీతలు గీసింది. 58 సెంటీమీటర్ల లోపుదీ ఉంచుకోకూడదు, 120 దాటినదీ ఉంచుకోకూడదు. మన కొలతలన్నీ చిన్నవాటి వైపే ఉన్నాయి, పెద్దవాటి వైపు గీత లేదు.

దీనిమీద వచ్చే అభ్యంతరాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. చాల్‌లో ఒక పెద్ద చేప అంటే అంతస్తు మొత్తానికి పులుసు, దాన్ని వదలమనడానికి నువ్వెవరు అంటారు. నేను మొత్తం వదలమనడం లేదు. నడిమి సైజు సురమై (వంజరం) ఇంటికి వెళ్లాలి, పులుసు ఉడకాలి. తినే చేపను పట్టడంలో తప్పు ఉందని నేను ఎన్నడూ అనను. మరి కడలిని నమ్ముకుని బతికేవాడి మాటేమిటి అంటే, అతన్ని నేను ఆటగాడితో ఒకే గాట కట్టను. 2025 జులైలో ఆంధ్ర తీరంలోని పూడిమడక నుంచి వేటకెళ్లిన ఒక మత్స్యకారుణ్ని గాలానికి తగిలిన కొమ్ముకోనాం సముద్రంలోకి లాగేసింది. ప్రాణం ఒడ్డి వెళ్లేవాళ్లను చిక్కిన చేపను వదలమని అడిగే నోరు నాకు లేదు. ఆ మాట నేను చెప్పేది ఆ పూట కూడు చేప మీద ఆధారపడని వాళ్లకే. అండమాన్‌లో జెయింట్ ట్రెవల్లీ అనే భారీ పారచేప కోసం దూరదేశాల నుంచి వచ్చేవాళ్లు అందుకు ఇప్పటికే అలవాటు పడ్డారు. అక్కడే, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ తెలుగు జాలర్లు అదే నీళ్ల మీద బతుకుతారు. ఒకరు వదిలిన తల్లి పిల్లలు మరొకరి పడవకే చేరే చోటు అది.

తినని చేపను ఎందుకు హింసించడం అన్నది అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. కొక్కెం గుచ్చుకుంటే చేపకు బాధ లేదని నేను అబద్ధం చెప్పను. చెప్పగలిగింది ఒకటే, ఆ బాధను చాలా తగ్గించవచ్చు. నిజమైన ఎరను చేప తరచూ మింగేస్తుంది, కొక్కెం కడుపులో దిగుతుంది, అలాంటిదాన్ని వదిలినా చచ్చిపోయే ముప్పు చాలా ఎక్కువ. నన్ను మింగదు, దాడి చేస్తుంది. నా గిన్నె నోరు నీటిని చిమ్మి గుబుక్కుమన్నప్పుడు కింది నుంచి దూసుకొచ్చి కరుస్తుంది కనుక కొక్కెం ఎక్కువగా దవడ అంచునే పట్టుకుంటుంది. నేను చేసే మోసమే దాని కడుపును కాపాడుతోంది. ఇక్కడ ఒక హద్దు ఒప్పుకోవాలి. జిగ్‌లనే బరువైన సీసపు లూర్లతో చాలా లోతు నుంచి లాగిన చేపకు పైకి వచ్చేసరికి ఈతతిత్తి ఉబ్బిపోతుంది, దాన్ని వదిలినా చాలాసార్లు కిందికి దిగలేక తేలుతూ చస్తుంది. వదలడం అనే మాట అక్కడ పనికిరాదు. అంత లోతులో వేటాడేవాడు తనకు కావలసినంత పట్టుకుని ఆపేయాలి. నా వాదన నీటిపైన పట్టే చేపలకే వర్తిస్తుంది.

అందుకే నా ఒంటిమీద కొన్ని మార్పులు అడుగుతున్నాను. మూడు కొనల కొక్కేలు తీసేసి ఒంటి కొక్కేలు పెట్టండి, వాటి వెనక్కి వంగిన ముల్లును పటకారుతో నొక్కేయండి, మినికాయ్ వాళ్లు ఎప్పుడో చేసిన పని అదే. బలమైన తాడు వాడండి, సన్నటి తాడుతో గంటలకొద్దీ ఆడిస్తే చేప అలసటతోనే చస్తుంది. ఫోటో కోసం దవడ పట్టి వేలాడదీయకండి, నీళ్లలోనే కొలవండి. రికార్డు కావాలనుకునేవాళ్లకు కూడా చంపే అవసరం తీరిపోయింది. 1953లో పెరూ తీరంలోని కాబో బ్లాంకో దగ్గర ఆల్ఫ్రెడ్ గ్లాసెల్ పట్టిన 707 కిలోల నల్ల మార్లిన్‌ను తూకం వేయాలంటే ఒడ్డుకు తేవాల్సిందే. ఇప్పుడు అలా కాదు, ప్రపంచ రికార్డులు ఉంచే అంతర్జాతీయ సంస్థ ఐజీఎఫ్‌ఏ 2011 నుంచి పొడవు కొలిచి వదిలిన చేపలకూ రికార్డు ఇస్తోంది. ఇక ప్రభుత్వం చేయాల్సింది కూడా పెద్ద పనేమీ కాదు. కనీస సైజు నియమానికి పక్కనే, సరదాకు పట్టేవాళ్ల కోసం గరిష్ఠ సైజు కూడా రాయాలి. జితాడాతో మొదలుపెట్టవచ్చు. మగది ఆడదిగా మారే సంగతిలో అనుమానం లేదు కనుక ఏ సైజు దాటితే తల్లి అన్నది తేల్చడానికి ఖాడీల్లో పట్టి ఇంటికి తీసుకెళ్లే చేపలను కొలిచి, కోసినప్పుడు అవి ఆడవో మగవో చూస్తే సరిపోతుంది, ఆ కొలతలు ఇవ్వడానికి కర్ర పట్టుకుని గోడమీద నిలబడ్డవాళ్లు ఇప్పటికే అక్కడ ఉన్నారు.