వేసవి జట్టు: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యాలు

అవతారిక

అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ నడిపే ఫుట్‌బాల్ పోటీలు సెప్టెంబరులో మొదలై ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌తో ముగుస్తాయి. ఆ ఆటగాళ్లలో కొందరిని కాగితం మీద తమ జట్టుగా ఏర్పరచుకొని, వారు మైదానంలో సాధించిన గజాలకూ టచ్‌డౌన్లకూ పాయింట్లు కట్టుకొని, పదిమందో పన్నెండుమందో తమలో తాము పోటీపడే ఆటకు ఫాంటసీ ఫుట్‌బాల్ అని పేరు. ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటాదారైన బిల్ వింకెన్‌బాక్ 1962లో న్యూయార్కు హోటలులో కూర్చొని దీని నియమాలు రూపొందించగా, మరుసటి ఏడు ఓక్లాండులో తొలి లీగు వెలిసింది. సాధారణ శాఖలో ఏటా జట్టు రద్దయి ఎంపిక మళ్లీ మొదటికి వస్తుంది. డైనాస్టీ అనే శాఖలో మాత్రం ఒకసారి తీసుకున్న ఆటగాడు, యజమాని అతణ్ని అమ్మేవరకో వదిలేసేవరకో, లేదా అతడే ఆట మానేవరకో ఆ యజమాని వద్దనే ఉంటాడు. అందువల్ల ఆట లేని వేసవి కూడా ఈ శాఖవారికి వ్యవసాయ కాలమే.

ఈ శాస్త్రానికి తెలంగాణ అడవి అంచున ఉన్న ములకలపల్లితో ఏమి సంబంధమని శంక కలగవచ్చు. టెక్సస్ రాష్ట్రంలోని ఫ్రిస్కో పట్టణంలో తెలుగు కుటుంబాలు విస్తారంగా ఉన్నాయి; డల్లాస్ కౌబాయ్స్ జట్టు ప్రధాన కార్యాలయమూ 2016 నుంచి అక్కడే ఉన్నది. అక్కడి లీగులో ఒక యజమాని విసిగి మానేస్తే అతని జట్టు అనాథ అవుతుంది (అనాథ జట్టు అనేది ఈ శాస్త్రంలో పారిభాషిక పదమే, వ్యాఖ్యాత జాలితో వాడినది కాదు). దానిని దత్తత తీసుకొనేవాడు దొరకనప్పుడు ములకలపల్లిలో ఉన్న బావమరిది ఫోనుకు ఆహ్వానం రావడం అసంభవమేమీ కాదు. అట్టివాని హితం కోరి ఈ వ్యాఖ్య రచింపబడినది. ప్రాచీన మూలం లేనందువల్ల పద్యాన్ని కూడా వ్యాఖ్యే సమకూర్చుకున్నది.

మూలము

ఆ.వె. వేసవందు నమ్ము వెలగల వృద్ధునిఁ
బిల్లవాని బండిఁ బెట్టి నిల్పు
గాలిమాట వినుచుఁ గైవిడువకు మేటిఁ
బంతి లేచు దాఁకఁ బలుకు వలదు

టీక

వేసవందున్ = ఫిబ్రవరిలో ఆట ముగిసినది మొదలు సెప్టెంబరులో తిరిగి ఆరంభమయ్యేదాకా గల కాలమందు; ములకలపల్లి వేసవి మృగశిరతో ముగియగా ఈ వేసవి వినాయక చవితి వరకు సాగుతుందని గ్రహించాలి. వెలగల = ఇతర యజమానులు ఇంకా ఆశపడుతున్న. వృద్ధునిన్ = వయసు మళ్లినవానిని; ఇక్కడ వయసు స్థానాన్ని బట్టి లెక్కకు వస్తుంది. బంతిని చంకన ఇరికించుకొని ఎదురువచ్చేవారిని ఢీకొంటూ పరుగెత్తే రన్నింగ్ బ్యాక్ ఇరవై ఏడు దాటితే వృద్ధుడే. వెనుక నిలిచి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముప్పై ఐదేళ్లకు కూడా పెద్దమనిషిగా చలామణి అవుతాడు. పిల్లవానిన్ = ఏప్రిల్ చివర జరిగే డ్రాఫ్టులో కళాశాల నుంచి కొత్తగా వచ్చిన రూకీని. బండిన్ = టాక్సీ స్క్వాడ్ అనబడే పక్కవరుసలో. గాలిమాట = వేసవి వార్త. మేటిన్ = మైదానంలో ఇదివరకే నిరూపించుకున్నవానిని. బంతి లేచు దాఁకన్ = సాధారణంగా సెప్టెంబరు తొలి గురువారాలలో ఒకనాడు జరిగే ప్రారంభపు తన్నుడు వరకు. పలుకు వలదు = గొప్పలు కూడదు.

తాత్పర్యము

ఆట లేని ఏడు నెలల్లో ఏ ఆటగాని బలమూ కొలతకు రాదు, అతని ధర మాత్రం వారంవారం మారుతూనే ఉంటుంది; కాబట్టి యజమాని వేసవిలో చేయవలసినదల్లా ధరకూ బలానికీ మధ్య ఏర్పడిన ఎడమును కనిపెట్టి, ధర బలాన్ని మించినవానిని అమ్మి, బలం ధరను మించినవానిని దాచుకోవడమే అని భావము.

విశేషములు

మొదటి పాదమే వివాదాస్పదం. దానిని 'వేసవందున్ + అమ్ము' అని విడదీస్తే వృద్ధుణ్ని విక్రయించమనీ, 'వేసవందు + నమ్ము' అని విడదీస్తే వృద్ధుణ్ని విశ్వసించమనీ అర్థం వస్తుంది. డైనాస్టీ యజమానులు నిజంగానే ఈ రెండు శాఖలుగా చీలి ఉన్నారు.

విక్రయవాదులకు టాడ్ గర్లీ దృష్టాంతం. 2017లో లీగులో ఉత్తమ దాడి ఆటగానిగా పురస్కారం పొంది, 2018 జూలైలో రామ్స్ జట్టుతో భారీ ఒప్పందం చేసుకున్న ఈ రన్నింగ్ బ్యాక్‌ను అదే జట్టు 2020 మార్చిలో, ఇరవై ఐదేళ్లకే, వదిలించుకున్నది. ఆ ఏడాది మరొక జట్టుకు ఆడిన ఆటే అతని చివరి ఆట అయినది. విశ్వాసవాదులకు డెరిక్ హెన్రీ ఉన్నాడు. ముప్పై నిండి, ఇక పని అయిపోయిందనిపించుకొని, 2024 మార్చిలో బాల్టిమోర్ చేరిన ఆ మహాకాయుడు ఆ ఏడు 1,921 గజాలు పరుగెత్తి 16 టచ్‌డౌన్లు చేయడంతో అతణ్ని అంతకుముందే చవకగా అమ్ముకున్నవారు మాట పడిపోయి కూర్చున్నారు.

విక్రయవాదులు తమ పక్షాన తునికి పొదను చూపవచ్చును. ములకలపల్లి అడవి అంచున ఫిబ్రవరి, మార్చి నెలల్లో తునికి కొమ్మ కొట్టిస్తారు; కొట్టిన చోట పుట్టిన లేత ఆకే ఏప్రిల్, మే నెలల్లో యాభై ఆకుల కట్టలై కల్లానికి చేరుతుంది, కొట్టని పొద ఆకు ముదిరి బీడీకి పనికిరాదు. ఉపమానం బాగున్నది కాని పూర్తిగా పొసగదు. కొట్టిన తునికి వేరు తన భూమిలోనే ఉంటుంది, అమ్మిన ఆటగాడు మాత్రం ప్రత్యర్థి పొలంలో చిగురిస్తాడు. కాబట్టి ఎవరిని అమ్మాలన్నదానికంటే ఎవరికి అమ్మాలన్నది పెద్ద ప్రశ్న. ఆ ఏడు గెలుపు ఆశ ఉన్నవానికి వృద్ధుడు అక్కరకు వస్తాడు. ఆశ లేనివాడు వృద్ధుణ్ని ఉంచుకోవడం, రెండు శాఖలలో ఏ శాఖ ప్రకారం చూసినా, తెలివితక్కువతనమే.

రెండవ పాదంలోని బండికి చరిత్ర ఉన్నది. 1940లలో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ యజమాని మిక్కీ మెక్‌బ్రైడ్ టాక్సీ వ్యాపారి. జట్టులో చోటు చాలని ఆటగాళ్లను తన టాక్సీ కంపెనీ జీతపు పట్టీలో పెట్టి దగ్గర ఉంచుకొనేవాడని ప్రసిద్ధి. డైనాస్టీలో ఆ వరుస అసలు జట్టు లెక్కలోకి రాదు, అక్కడ ఉన్నవాడు చేసిన పాయింట్లూ లెక్కకు రావు. పూకా నకువా 2023 డ్రాఫ్టులో అయిదవ రౌండులో, 177వ పిలుపులో ఎంపికైనవాడు. అదే ఏడు 105 క్యాచ్‌లతో, 1,486 గజాలతో ఆనాటికి రూకీలందరినీ మించాడు. అట్టివాణ్ని బండిలోనే మరచిన యజమాని దుఃఖం వర్ణనాతీతం.

గాలిమాట విషయంలో కొంత విస్తారం అవసరం. మే, జూన్ నెలల్లో ఆటగాళ్లు కవచాలు లేకుండా, నిక్కర్లతో, ఒకరినొకరు పడగొట్టకుండా సాధన చేస్తారు. పడగొట్టేవాడే లేని ఆటలో అందరూ మహావీరులే కనుక, ఫలానావాడు జన్మలో ఎన్నడూ లేనంత దేహదారుఢ్యంతో ఉన్నాడనే వార్త ఏటా తప్పక పుడుతుంది. కొల్చారం వాడైన మల్లినాథసూరి ఆధారం లేనిది ఏదీ రాయనని ప్రతిజ్ఞ పూనిన వ్యాఖ్యాత. వేసవి విలేఖరులు అట్టి నియమమేదీ పెట్టుకున్నట్టు కనబడదు. అయినా ఈ పాదానికి అపవాదం ఉన్నది. 2019 వేసవిలో గర్లీ మోకాలి గురించి వినవచ్చిన మాటలు గాలిమాటలు కావు. దేహదారుఢ్యపు వార్తను కొట్టివేసి మోకాలి వార్తను నమ్మాలన్నది వ్యాఖ్యాత పక్షం, ఎందుకంటే మొదటిది చెప్పడం వల్ల జట్టుకు లాభం, రెండవది బయటపడడం వల్ల నష్టం.

మేటిని విడువరాదనడం కూడా నిరపాయం కాదు. 2019 ఆగస్టు 24న, క్రీడాకాలానికి రెండు వారాలే ఉండగా, ఇండియానాపోలిస్ క్వార్టర్‌బ్యాక్ ఆండ్రూ లక్ ఇరవై తొమ్మిదేళ్ల వయసులో ఆట విరమిస్తున్నట్టు ప్రకటించాడు. అతణ్ని వేసవంతా పట్టుకొని కూర్చున్న యజమాని ఏ పాదాన్నీ అతిక్రమించలేదు. ఇట్టి ఆపదకు శాస్త్రంలో పరిహారం లేదు.

పందెపు ధనం ప్రసక్తి పద్యంలో లేకపోవడం యాదృచ్ఛికం కాదు. తెలంగాణ 2017లోనే తన గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించినది, 2025 ఆగస్టులో కేంద్ర చట్టమూ వచ్చినది. కనుక ములకలపల్లి యజమాని కీర్తి కోసమే ఆడాలి.

బంతి లేచిన తరువాత పలుకవచ్చునా అన్నదానికి మూలంలో సమాధానం లేదు. సెప్టెంబరులో ఆదివారపు తొలి ఆటలు ములకలపల్లిలో రాత్రి 10:30కు మొదలవుతాయి, రాత్రి ఆట సోమవారం ఉదయం 5:50కి. మొదటి వేళలో ఇంటివారు నిద్రలో ఉంటారు, రెండవ వేళలో పాలు పిండే పని ఉంటుంది, ఫ్రిస్కో బావగారు ఫోను ఎత్తరు. కనుక అప్పుడు కూడా పలుకు కుదరదనే చెప్పాలి.