నీళ్లు పోయని గొట్టం: ఒక ఎర్తింగు పద్యానికి టీకా తాత్పర్యం

మూలము

ఆ.వె. నీళ్లు పోయకున్న నేలలో పాతిన
గొట్టమున్న నేమి కొంపకెల్ల
బల్బు వెలుగుచుండ భయమేల యందువా
ఫ్రిజ్జు తలుపె యొజ్జ పిడియె పలక

అవతారిక

మందసలో పాత పెంకుటిల్లు తీసి శ్లాబు వేసుకున్న ఒకానొక గృహస్థు, మే నెల మధ్యాహ్నం కాళ్లు కడుక్కొని తడి పాదాలతో వచ్చి, ఊరి కోవా కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకోగా చెయ్యి జిల్లుమంది. ఎలక్ట్రీషియన్ వచ్చాడు. సంచిలోంచి వంద వాట్ల బల్బు తీసి, ఒక తీగ ఫేజుకీ ఒక తీగ ఎర్తుకీ తగిలించాడు. బల్బు భేషుగ్గా వెలిగింది. "ఏటీ అవదు బాబూ, ఎలుగుతంది కదా" అని అభయమిచ్చి, కూలి పుచ్చుకొని వెళ్లాడు. ఆ సందర్భంలో పుట్టిన పద్యమిది. కవి తన పేరు చెప్పుకోలేదు. మళ్లీ ఆ ఎలక్ట్రీషియన్‌తోనే పని పడుతుందని కాబోలు.

టీక

నీళ్లు పోయకున్న = వేసవిలో చెమ్మ చూపించని; నేలలో = ఇసుక నేలలో; పాతిన గొట్టము = ఎర్తింగు కోసం దింపిన జీఐ పైపు; ఉన్న నేమి = ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే; కొంపకెల్ల = ఇంటిల్లిపాదికీ; బల్బు వెలుగుచుండ = పైన చెప్పిన బల్బే; భయమేల యందువా = ధైర్యం చెప్తున్నావా; ఒజ్జ = పంతులు; పిడి = హ్యాండిలు; పలక = ఆ పంతులు మన చేత దిద్దించే చోటు.

వ్యాఖ్య

మూలంలో లేనిది రాయనని, సంస్కృత కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఆయన ఇంట్లో ఫ్రిజ్ లేదు కనుక సాగింది. మనం కొంచెం బయటికి పోక తప్పదు.

"నేలలో" అన్న మాట దగ్గర ఆగాలి. మహేంద్రగిరికీ సముద్రానికీ నడుమ ఉంది మందస. తీరం వైపు దిగితే ఉద్దానం, ఇసుక నేల. ఆ ఇసుక కొబ్బరికీ జీడిమామిడికీ నప్పింది గానీ కరెంటుకి నప్పదు. కరెంటు నేలలోకి దిగాలంటే చెమ్మ కావాలి, చెమ్మలో కరిగిన ఉప్పు కావాలి. ఇసుక నీళ్లను నిలవనివ్వదు. గొట్టం చుట్టూ బొగ్గుతో పాటు వేసిన ఉప్పు కూడా నాలుగు వానలకు కరిగి దిగిపోతుంది. బొగ్గు మిగులుతుంది, గొట్టం మిగులుతుంది, దాని మీద సిమెంటు మూత మిగులుతుంది. ఆ మూతెత్తి గరాటులో నీళ్లు పోసినవాళ్లు ఆ వీధిలో ఎందరో కవి అడగలేదు. వ్యాఖ్యాత అడిగితే, అది సెప్టిక్ ట్యాంకు మూత అనుకున్నామని ఒక ఇల్లాలు చెప్పింది.

ఇప్పుడు "బల్బు". పద్యానికి ప్రాణం ఇక్కడే ఉంది. వంద వాట్ల బల్బు లాగేది అర ఆంపియరు కన్నా తక్కువ. ఎండిన ఇసుకలో ఎర్తు నిరోధం 50 ఓంలుంది అనుకుందాం. అప్పుడు కూడా 230 వోల్టులలో ఇరవై మాత్రమే నేలలో పోతాయి, బల్బుకి 210 దాకా అందుతాయి. తేడా కంటికి ఆనదు. ఎల్‌ఈడీ బల్బయితే ఇంకా అధ్వానపు ఎర్తుకి కూడా పకపకా నవ్వుతుంది. కనుక బల్బు సాక్ష్యం చెల్లదు.

చెల్లనిదాన్ని నమ్మితే ఏమవుతుంది? ఈ రోజు జిల్లుమన్నది చిన్న లీకు. రేపు ఫ్రిజ్ లోపల ఫేజు తీగ తొడుగు పోయి ఇనపరేకుకి పూర్తిగా తగిలితే, ఆ 50 ఓంల ఎర్తు గుండా పోయేది 4.6 ఆంపియర్లు. కరెంటు మితిమీరితే లైను తెంచాల్సిన 16 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని లెక్కే చెయ్యదు, కదలకుండా కూర్చుంటుంది. ఫ్రిజ్ ఒళ్లంతా ఇంచుమించు 230 వోల్టులు నిలుస్తాయి. పైగా గంటకో యూనిట్ చొప్పున మీటరు తిరుగుతుంది. ప్రాణభయానికి బిల్లు కూడా కట్టడమంటే ఇదే. అదే ఎర్తు 5 ఓంలుంటే 46 ఆంపియర్లు పోతాయి, ఎంసీబీ కాసేపటికైనా పడిపోతుంది.

పూర్వపక్షం

"న్యూట్రల్ కూడా చివరికి నేలకే కదా పోతుంది, ఎర్తు పిన్నుని దానికే కలిపేస్తే సరిపోదా?" అని కొందరు. ఇది మన వైపు బాగా చెల్లుబాటయ్యే మతం. దీనికి ఖండన తిత్లీ. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపానులో కరెంటు స్తంభాలు వేలల్లో కూలాయి. తుపానే అక్కర్లేదు, ఒక కొబ్బరి మట్ట పడి న్యూట్రల్ తీగ ఒక్కటి తెగినా చాలు. అప్పుడు వెలుగుతున్న బల్బుల గుండా వచ్చిన ఫేజు, పోయే దారి లేక, కలిపేసిన ముక్క మీదుగా ఫ్రిజ్‌కీ, వాషింగ్ మెషీన్‌కీ, మోటారుకీ ఒంటి మీదకి వస్తుంది. ఏ వస్తువూ చెడిపోకుండానే ఇల్లంతా షాకు.

ఇంకో చిక్కు. అలా కలిపిన ఇంట్లో ఆర్‌సీసీబీ నిలబడదు, మాటిమాటికీ పడిపోతుంది. పోయిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సరితూగకపోతే, 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే లైను తెంచెయ్యడం దాని ధర్మం. నిజం చెప్పినందుకు దాన్ని పీకి అటక మీద పెడతారు.

కుళాయి గొట్టానికి ఎర్తు కట్టే మతం గురించి చర్చ అనవసరం. గొట్టాలు ప్లాస్టిక్‌వి అయిపోయాయి.

సిద్ధాంతం

ఐఎస్ 3043 అనే ప్రమాణ గ్రంథం గొట్టం కనీసం 2.5 మీటర్లు ఉండాలంటుంది. ఇసుక నేలలో అది మొదటి మెట్టే. తడి తగిలేదాకా దిగాలి. ఒక గొట్టం చాలకపోతే, దాని పొడవుకి తగ్గని దూరంలో రెండోది దింపి, రెంటినీ తీగతో కలపాలి. ఎర్తు ఉందో లేదో చెప్పవలసింది ఎర్త్ టెస్టరు. అది లేని మనిషి చెప్పింది పురాణం.

అలంకారం: రూపకం. ఒజ్జ ఒక్కసారే పాఠం చెప్తాడని కవి భావం. రెండోసారి వినడానికి శిష్యుడు ఉండడని ధ్వని.

తాత్పర్యం

మార్చి నుంచి జూన్ దాకా వారానికోసారి ఎర్తు గొట్టంలో రెండు బిందెల నీళ్లు పోయండి. టెస్టరున్న మనిషి చేత కొలిపించి, 5 ఓంలు దాటితే రెండో గొట్టం వేయించండి. న్యూట్రల్‌తో కలిపిన ముక్క విప్పించి, అటక మీది ఆర్‌సీసీబీని దింపి బిగించండి. అంతవరకు ఫ్రిజ్ ప్లగ్గు తీసే ఉంచండి, కోవా ఏ రోజుది ఆ రోజే తినేయండి.