గంటనయిన పట్టా

నేను తొంభై పౌండ్ల పట్టాని. గజం ముక్క కోసి తూస్తే 90 పౌండ్లు తూగుతానని ఆ పేరు. ఇప్పుడు వేస్తున్న, మీటరుకి అరవై కిలోలు తూగే పట్టా పక్కన నిలబెడితే బక్కచిక్కి కనిపిస్తాను గానీ, నా రోజుల్లో మెయిన్ లైను మోసింది మేమే. పుట్టింది భిలాయిలో. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారు అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు, మరుసటేడు పట్టాల మిల్లు మొదలైంది. ఆ తొలి ఏళ్ళలోనే దల్లీ రాజహరా ఇనుపరాయి కరిగి, రోలర్ల మధ్య నలిగి, నేనై బయటికొచ్చింది. మాలో ఒక్కొక్కరిదీ 13 మీటర్ల పొడుగు. అదే భిలాయి ఇప్పుడు అతుకులు కలిపి 260 మీటర్ల పట్టా పంపుతోంది. పట్టా పొడుగైతే అతుకులు తగ్గుతాయి, అతుకులు తగ్గితే బండి కుదుపు తగ్గుతుంది. కొత్తది వద్దనే ముసలి ఇనుమును కాను నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నేననబోయే వాటిని చాదస్తమని కొట్టిపారేయకుండా.

నన్ను పరిచింది గతౌరా దగ్గర, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌కి పక్క స్టేషనే. హౌరా వైపు నుంచి వస్తుంటే జయరాంనగర్ తర్వాత గతౌరా, ఆ తర్వాత లాల్ ఖదాన్ మీదుగా బిలాస్‌పూర్. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వేసిన దారి ఇది. 1891కల్లా నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ దాకా బళ్ళు నడిచాయి. బిలాస్‌పూర్ రైల్వే ఊరైంది అలాగే. వాల్తేరు కూడా ఆ కంపెనీ గొడుగు కిందే ఉండేది కనక విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు పని వెతుక్కుంటూ ఖరగ్‌పూర్ వెళ్ళారు, ఇటు బిలాస్‌పూరూ వచ్చారు. 1931లో పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా లైను పూర్తయ్యాక ఆ రాకపోకలు మరీ సులువయ్యాయి. నన్ను స్లీపర్లకి బిగించిన గ్యాంగులో ఛత్తీస్‌గఢీ పాట ఎంత వినిపించేదో, "ఒరే గుంటడా, సుత్తి ఇలాతే" అనే కేకా అంత వినిపించేది.

నా వీపు మీద ఎక్కువగా నడిచింది మనుషులు కాదు, బొగ్గు. కోర్బా గనుల బొగ్గు పగలూ రాత్రీ ఇటే పోతుంది. బరువు పెరిగింది, నా తల అరిగింది. ఒకనాటికి 52 కిలోల పట్టాలు దింపి మమ్మల్ని పీకేశారు. రైల్వేలో పీకేసిన పట్టాకి చావు వెంటనే రాదు. పనికొచ్చేదాన్ని లూపు లైనుకో సైడింగుకో వేస్తారు, రానిదాన్ని కోసి వాడతారు. నన్ను మూడు ముక్కలు చేశారు. ఒకటి స్టేషన్ వెనకాల క్వార్టరు వరండా కప్పు కింద దూలమైంది. ఇంకొకటి కంచె గుంజగా భూమిలో దిగింది. మూడోది, అంటే ఈ మాట్లాడుతున్న నేను, గడ్డర్‌కి వేలాడే గంటనయ్యాను.

గంటగా బతకడం పట్టాగా బతకడం కన్నా గౌరవం. పక్క స్టేషన్ వాడు బండి వదిలానని చెప్పగానే పాయింట్స్‌మన్ వచ్చి ఇనుప కడ్డీతో నన్ను కొట్టేవాడు. ఏ వైపు బండికి ఎన్ని దెబ్బలో ఊరందరికీ తెలుసు. కూరగాయల బుట్టలవాళ్ళు నా మోత వినే ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళు. పాయింట్స్‌మన్‌ది శ్రీకాకుళం వైపు ఊరు. దూలమైన నా తోబుట్టువు కింద కాపురం. పెరట్లో మునగచెట్టు, రెండు మడుల గోంగూర. సాయంత్రం వాళ్ళావిడ వరండాలోంచి కేకేసేది.

"ఏటయ్యా, ఇశాపట్నం బండి ఎల్లిపోనాదా?"

"ఎల్లిపోనాదే. మనకి ఆగుతాదేటి, అడగడానికి!"

కోర్బా నుంచి విశాఖపట్నం వెళ్ళే ఎక్స్‌ప్రెస్సు గతౌరా మీదుగానే పోతుంది. ఎక్కాలంటే మాత్రం వీళ్ళు మూటలు కట్టుకుని ముందు బిలాస్‌పూర్ చేరాలి. ఆగని బండి వేళలు కూడా ఆమెకి నోటికొచ్చు.

ఆ పెరడు గురించి రాసేవాళ్ళు చాలామంది తయారయ్యారు. పాత క్వార్టర్లు కూల్చి మేడలు కడుతున్నారనగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు. ఆ క్వార్టర్లో నా తోబుట్టువు ఉన్నాడు, ఆ కప్పు కథ నాకు తెలుసు. వాన పడితే దూలానికీ గోడకీ మధ్య నుంచి ధార. మరుగుదొడ్డి పెరటి చివర. నీళ్ళు బయటి కుళాయి నుంచి మోసుకోవాలి. ఇంట్లోనే కుళాయి, ఇంట్లోనే బాత్రూం ఉన్న మేడ ఇస్తామంటే ఆవిడ గోంగూర మడుల కోసం ఒక్క పూట బెంగపడేది, అంతే. పాత క్వార్టరు అందం అందులో ఉండనక్కర్లేని వాళ్ళకే కనబడుతుంది. నా గొడవ ఇంకోటి. దేశమంతటా రైల్వే కాలనీల స్థలాలు లీజుకిచ్చి, ఆ లాభంలోంచి కొత్త క్వార్టర్లు కట్టించే పద్ధతి వచ్చింది. ఉద్యోగికి మేడ దొరుకుతుంది, లీజు తీసుకున్నవాడికి దుకాణాలు దొరుకుతాయి. కాలనీ ఇళ్ళలో అంట్లు తోమి, ప్లాట్‌ఫాం మీద టీ అమ్మి, లైను పక్క గుడిసెలో పడుకునే మనిషి పేరు ఏ ప్లానులో ఉంటుంది?

ఈ ప్రశ్న బిలాస్‌పూర్ స్టేషన్‌కి కొత్త కాదు. రవీంద్రనాథ్ టాగూర్ రాసిన 'ఫాంకి' అనే కవిత కథ ఈ స్టేషన్లోనే జరుగుతుంది. జబ్బుతో ఉన్న భార్య ఇక్కడ బండి మారేటప్పుడు ఒక కూలీ భార్యకి పాతిక రూపాయలు ఇమ్మని భర్తని అడుగుతుంది. ఇచ్చానంటాడు, కానీ ఇచ్చేది రెండు రూపాయలే. భార్య పోయాక ఆ బాకీ తీర్చడానికి మళ్ళీ బిలాస్‌పూర్ వస్తాడు. కూలీ భార్య అప్పటికే వెళ్ళిపోయింది, ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఇక ఈ మధ్య సంగతులు. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ వచ్చింది. 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడింది. 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో బిలాస్‌పూర్ చేరింది. 2022 డిసెంబర్లో నాగ్‌పూర్‌కి వందే భారత్ మొదలైంది. అదే నెల అమృత్ భారత్ స్టేషన్ల పథకం ప్రకటించారు. 2023 ఆగస్టు 6న ఒకేరోజు 508 స్టేషన్లకి శంకుస్థాపన, 24 వేల కోట్ల పైచిలుకు ఖర్చు. 2025 మే 22న ప్రారంభమైన 103 స్టేషన్లలో మీ బేగంపేట, కరీంనగర్, వరంగల్, సూళ్ళూరుపేట ఉన్నాయి. ఇటు డోంగర్‌గఢ్, అంబికాపూర్ ఉన్నాయి. బిలాస్‌పూర్ కూడా ఆ పథకంలోదే. లిఫ్టులు, ఎస్కలేటర్లు, ఊరికి రెండు వైపులా ద్వారాలు, వెడల్పు వెయిటింగ్ హాళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మకి లిఫ్టు వరం, నేను ఎగతాళి చెయ్యను. అవతలి వైపు వాళ్ళు చుట్టూ తిరక్కుండా స్టేషన్లోకి రాగలిగితే అది మంచి పనే.

కానీ అతిథి కూర్చునే ముందు గదికి సున్నం కొట్టి, వంటింటి పొగ అలాగే వదిలేసినట్టు ఉంటుంది పక్క స్టేషన్ నుంచి చూస్తే. బిలాస్‌పూర్ నుంచి ఝార్సుగూడ దాకా 206 కిలోమీటర్ల నాలుగో లైను పని మా గతౌరా మీదుగానే. పని జరిగే రోజుల్లో రద్దయ్యేది ముందు పాసింజరు. పెద్ద బళ్ళకి దారి మళ్ళింపు ఉంటుంది, పాసింజరెక్కే పాలమనిషికి మళ్ళింపు ఏముంది? బొగ్గు గూడ్సు అడ్డంగా నిలబడిందంటే జనం పెట్టెల కింద దూరి దాటుతారు. తలమీద బుట్టతో వంగి దూరుతున్న మనిషిని చూసిన ప్రతిసారీ, నన్ను గట్టిగా కొట్టండర్రా అని అరవాలనిపించేది. మైకులొచ్చాక నన్ను కొట్టడం మానేశారు. మైకు అరుస్తుంది, మనిషి దూరుతూనే ఉంటాడు.

2025 నవంబర్ 4 గురించి రాయకుండా గతౌరా పట్టా ఆత్మకథ పూర్తి కాదు. సాయంత్రం నాలుగు ప్రాంతంలో గేవ్రా రోడ్డు నుంచి వస్తున్న మెము పాసింజరు గతౌరా దాటి, లాల్ ఖదాన్ దగ్గర గూడ్సును వెనకనుంచి ఢీకొంది. పదిమందికి పైగా పోయారు. ఇలాంటివి జరక్కుండా, ఎర్ర సిగ్నలు దాటబోతే బండిని తానే ఆపే 'కవచ్' మన దేశంలో ఉంది. 2022 మార్చి 4న మీ వికారాబాద్ వైపు గుల్లగూడ, చిట్‌గిడ్డ మధ్య రైల్వే మంత్రి ఎదురుగానే దాన్ని పరీక్షించి చూపారు. నిజమైన మరమ్మతు అది. అద్దాల గోడ ఫొటోలో పడుతుంది, కవచ్ పడదు. తేడా అక్కడే.

ఈమధ్య నా దగ్గరికి ఒకాయన వచ్చి చుట్టూ తిరిగి ఫొటో తీశాడు. రంగేసి, కింద ఇత్తడి రేకు మీద నా చరిత్ర చెక్కించి, పెద్ద స్టేషన్ ముందు నిలబెడితే పాతకాలపు ముచ్చటగా ఉంటుందట. నాకు ఆ సరదా లేదు. నా చివరి కోరిక అడిగితే చెప్తాను. పాసింజరు రోజూ, వేళకి రావాలి. గూడ్సు కింద దూరే పని లేకుండా మనుషులు నడిచే వంతెన, తట్టా బుట్టా మోసేవాళ్ళకి ఎక్కగలిగే వాలుతో కట్టాలి. లైనంతా కవచ్ రావాలి. లైను పక్క గుడిసెవాళ్ళని ఖాళీ చేయించేముందు వాళ్ళకి ఇల్లు చూపాలి. బిలాస్‌పూర్ స్టేషన్ గొప్పగా తయారైందని విని చూడబోయే తెలుగువాళ్ళు కూడా ఒకమాట వినండి. అక్కడితో ఆగకుండా మెము ఎక్కి గతౌరాలో దిగండి, పక్కనున్నవాళ్ళని ఏం కావాలో అడగండి, వెనక్కెళ్ళి ఆ మాట చెప్పండి. అవి జరిగాక నన్ను పాత ఇనుము కింద అమ్ముకోండి. భిలాయి కొలిమిలో మళ్ళీ కరిగి ఆ వంతెనకే ఒక గడ్డరునైనా అభ్యంతరం లేదు.