పుట్టని రంగుకు పెద్దకర్మ

రంగు పోయింది. వయసు మళ్ళి పోలేదు, జబ్బుచేసి పోలేదు. ఎక్కడో ఒక ఆఫీసులో ఎవరో కేటలాగులో ఒక వరుస కొట్టేశారు, పోయింది. ‘ఈ ఉత్పత్తి నిలిపివేయడమైనది, ఇన్నాళ్ళ మీ ఆదరణకు కృతజ్ఞతలు’ అని రెండు లైన్ల కబురు. రిమోటుతో నడిచే ఆర్‌సీ కార్లకు పాలీకార్బనేట్ బాడీలుంటాయి. వాటికి కొట్టే స్ప్రే రంగు సంగతి ఇది. అమెరికావాడు ఏడుస్తున్నాడు, ఇంగ్లండువాడు ఏడుస్తున్నాడు, వాళ్ళను చూసి తిరుపతిలో మేమూ ఏడుస్తున్నాం. తేడా ఎక్కడంటే, వాళ్ళ ఊళ్ళో ఆ డబ్బా నిన్నమొన్నటిదాకా షాపు అరలో ఉండేది. మా గాంధీ రోడ్డులో ఏనాడూ లేదు, తిలక్ రోడ్డులో లేదు, చిత్తూరు బజారులో లేదు, రేణిగుంటలో విమానం దిగినవాడి సంచీలోనూ లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు పెద్దలు. మేం వాళ్ళకంటే ఒక మెట్టు పైన ఉన్నాం. ఆ సోమలింగానికి పెద్దకర్మ కూడా జరిపిస్తున్నాం.

తెలియనివాళ్ళకు ఒక ముక్క చెప్పాలి. ఇది జాతర అంగట్లో బ్యాటరీ వేసి ఇచ్చే బొమ్మకారు కాదు. మోటారు, గేర్లు, షాకులు, టైర్లు విడివిడిగా కొని బిగించుకునే కారు. డబ్బా తెరిస్తే దాని బాడీ రంగూ రూపూ లేని పారదర్శకపు డొల్ల, మందం మిల్లీమీటరుకు అటూఇటూ. పాలీకార్బనేట్‌ను 1953లో జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన డేనియల్ ఫాక్స్ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా కనిపెట్టారు. గోడకు గుద్దుకున్నా అంత తేలిగ్గా పగలదు, సొట్ట పడి మళ్ళీ లేస్తుంది. అందుకే రేసు కార్లకు ఇదే బాడీ.

దీనికి రంగు లోపలివైపు కొట్టాలి. బయట కొడితే మొదటి పల్టీకే గీసుకుపోతుంది. లోపల కొడితే ప్లాస్టిక్కే రంగుకు కవచం. ముందు గిన్నెలు తోమే సబ్బుతో కడిగి జిడ్డు వదిలించాలి. కిటికీలకు లోపలినుంచి మాస్కింగ్ అంటించి, అంచుల్ని గోటితో నొక్కాలి. ఎక్కడ వెంట్రుకంత సందున్నా రంగు అందులోంచి పాకుతుంది. అసలు తిరకాసు తర్వాత వస్తుంది: ముందు కొట్టిన రంగే బయటికి కనబడుతుంది, తర్వాత కొట్టింది దాని వెనకకు పోతుంది. అందుకని నలుపు, నీలం లాంటి ముదురు రంగులు ముందు, పసుపూ తెలుపూ తర్వాత. తిరగేశామా, పసుపు వెనకాల నలుపు చేరి కారంతా పాచిపట్టిన రంగుకు వస్తుంది. ఫ్లోరోసెంట్ రంగైతే వెనక తెల్లటి పూత లేకపోతే వెలగనే వెలగదు. చివర్న బయటి రక్షణ పొర పీకినప్పుడు లోపలి రంగు తడిగా ఉన్నట్టు మెరుస్తుంది. ఆ ఒక్క నిమిషం కోసమే ఈ పిచ్చంతా.

ఇక ఆ రంగు మామూలు రంగయితే కుదరదు. గట్టిపడితే దెబ్బకు పెచ్చులూడుతుంది. సాల్వెంట్ ఎక్కువైతే ప్లాస్టిక్కునే తినేస్తుంది, తక్కువైతే పట్టు దొరకదు. కొంచెం కరిచి, కొంచెం వంగి, ఊరుకోవాలి. ఇంత ఇరుకు దారిలో నడిచే రంగు కాబట్టి చేసే కంపెనీలు కొన్నే. అమెరికాలో ఒకప్పుడు ఈ రంగులంటే ప్యాక్ట్రా అనేవాళ్ళు. ఇప్పుడా సీసాలు పాత సరుకు అమ్మేవాళ్ళ దగ్గర తప్ప కనబడవు. జపానులో టామియా పీఎస్ అనే వరుస ఈ ప్లాస్టిక్కు కోసమే చేస్తుంది, టీఎస్ అనే వరుస గట్టి ప్లాస్టిక్కు కిట్ల కోసం. ఒక్క అక్షరమే తేడా. ఆన్‌లైన్‌లో అమ్మేవాడికి రెండూ ‘మోడల్ స్ప్రే’. టీఎస్ తెచ్చి డొల్లలో కొడితే, మొదటి రేసులోనే రంగు పొలుసులుగా రాలి ట్రాకును అలంకరిస్తుంది.

కంపెనీల ప్రేమ మాత్రం గొప్పది. టామియా హార్నెట్ అనే బగ్గీ 1984లో వచ్చింది, కొన్నాళ్ళకు మాయమైంది, 2004లో మళ్ళీ బతికింది. చిన్నప్పుడు కొనలేనివాళ్ళు నడివయసులో కొంటారని లెక్క. లెక్క తప్పలేదు కూడా. కారుకు పునర్జన్మ ఉంది. రంగుకు లేదు. కారు తిరిగొస్తే డబ్బు తిరిగొస్తుంది, చచ్చిన ఎర్రరంగు తిరిగొస్తే ఎవడికొస్తుంది? బాడీ పగిలితే కొత్తది కొని అదే రంగు వేసుకోవాలనే ఛాదస్తుడికి తప్ప. వాడికిచ్చే సలహా కూడా సిద్ధంగానే ఉంటుంది: ‘దీనికి దగ్గరగా ఉండే మా కొత్త రంగు చూడండి.’ పెళ్ళికూతురు పారిపోతే చెల్లెల్ని పీటల మీద కూర్చోబెట్టే పెద్దమనుషులు సినిమాల్లోనే ఉంటారనుకున్నాను.

సరే, ఎక్కడో ఒకచోట మిగిలిన డబ్బాను తెప్పించుకుందామంటే విమానం ఎక్కదు. ఏరోసాల్ డబ్బాకు ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో 1950 అని ఒక నంబరుంది. లోపల ఒత్తిడి, మండే గ్యాసు. భయపడటం న్యాయమే. కానీ అదే ఒత్తిడి, అదే గ్యాసు ఉన్న సెంటు డబ్బా ప్రయాణికుడి పెట్టెలో దర్జాగా ఎక్కుతుంది. చంకకు కొట్టేది ఎగురుతుంది, కారుకు కొట్టేది ఎగరదు. తపాలావాళ్ళు ముట్టరు, కొరియరువాడు ‘లోపల ఏముంది’ అంటాడు, ‘రంగు’ అన్నామా, మనల్ని తలనుంచి కాలిదాకా ఒకసారి చూస్తాడు.

కారు దిగుమతి ముచ్చట ఇంకోటి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. నాసిరకం బొమ్మలు పిల్లల నోట్లోకి పోకూడదన్న మాట నిజమే, కాదనే మొండితనం నాకు లేదు. స్వదేశీ బొమ్మలతో ఆడుకోవాలన్న కోరికా మంచిదే. కొండపల్లి పొణికి చెక్క బొమ్మను, ఏటికొప్పాక లక్క బొమ్మను నేనూ కొంటాను. కానీ దశావతారాల సెట్టుకు నాలుగు చక్రాలు బిగించి మూలమలుపులో డ్రిఫ్టు కొట్టించడం నా వల్ల కాదు.

ఇంక మిగిలింది స్వయంకృషి. ముందు పెయింటు షాపు. రంగులు కలిపే మిషను ఉంది, వేల షేడ్ల కార్డు ఉంది, ఏసీ కూడా ఉంది.

“ఏం కావాల సామీ?”

“పాలీకార్బనేట్‌కు పట్టే స్ప్రే ఉందా?”

“షీటుకా? షెడ్డు పైకప్పుకేనా?”

“కాదన్నా, కారుకు.”

“కారు షెడ్డుకే కదా నేనూ అనేది.”

“షెడ్డుకు కాదు. కారుకే. కారు ఇంతుంటాది.” చేతులతో జానెడున్నర చూపించాను.

“పిల్లోళ్ళకా?”

“నాకే.”

ఆ తర్వాత ఆయన మాట్లాడిన తీరులో జాలి ఉంది. “ఏదైనా ఒకటే సామీ, పెయింటంటే పెయింటే. ఈ స్ప్రే గేటుకు కొట్టినా పడతాది, సైకిలుకు కొట్టినా పడతాది. దానికెట్ట పట్టదు?” అంటూ ఒక డబ్బా బిల్లు మీద పెట్టేశాడు. మన దేశంలో రంగుల శాస్త్రం మొత్తం ఈ ‘ఎట్ట పట్టదు’ అన్న మాట మీద నిలబడి ఉంది.

ఆటోనగర్ మేస్త్రీ దగ్గరికి పోతే మర్యాద వేరు. లారీ క్యాబిన్లకూ బంపర్లకూ రంగు కొట్టిన చెయ్యి. నేను చెప్పిందంతా విని, బాడీ అడగలేదు. “కత్తిరించిన ముక్కేమన్నా ఉందా సార్?” అన్నాడు. ఇచ్చాను. గుడ్డపేలిక ఎన్‌సీ థిన్నర్‌లో ముంచి ముక్క మీద ఒక్క రుద్దు రుద్దాడు. అద్దంలా ఉన్న ముక్క కళ్ళముందే పాలిపోయి తెల్లబడింది. వంచితే టప్పున రెండయింది. “సూస్తిరి కదా. ఇది మా సరుకు తట్టుకోదు సార్. టూకే పెయింటు కొట్టినా గట్టిపడి పగిలిపోతాది. బంపరు ప్లాస్టిక్ వేరు, ఇది వేరు.” డబ్బు తీసుకోలేదు. ఇన్నేళ్ళలో ఏ కంపెనీ కరపత్రమూ నాకు చెప్పనిది ఆ మసిగుడ్డ చెప్పింది. ఆయనకు షోరూమ్ లేదు, కస్టమర్ కేర్ నంబరు లేదు, అందుకే కాబోలు అబద్ధం చెప్పాల్సిన అవసరం పడలేదు.

ఇదంతా ఏ ఊళ్ళో జరుగుతోందో చూడండి. బాడీకి రంగు పూయడంలో తిరుపతిని మించిన ఊరేది? ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేశారంటే ఊళ్ళో సగం మంది ఒంటికి రంగే. బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండవేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం. తరాలుగా పూసుకుంటున్నారు. ‘ఈ సంవత్సరం నుంచి బొగ్గు నిలిపివేయడమైనది, భక్తులు దగ్గరగా ఉండే మా కొత్త బూడిదరంగును ప్రయత్నించగలరు’ అని ఇంతవరకూ ఎవరూ కబురు పెట్టలేదు. బొగ్గుకు హెడ్డాఫీసు లేకపోవడం దాని అదృష్టం.

గంట ప్రయాణం దూరంలో శ్రీకాళహస్తి. అక్కడి కలంకారీ నలుపు కోసం బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము ముక్కలు వేసి రోజుల తరబడి ఊరబెడతారు. గుడ్డను ముందే కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును గీత దాటి పాకనివ్వదు. వెదురు కలంతో ఆ ఇనుపనీళ్ళు గీస్తే, కరక్కాయ తగిలిన చోట నల్లగా తిరిగిపోతుంది. పట్టు అంటే అది. మా డొల్లల మాస్కింగు, కరిచే సాల్వెంటు అంతా ఈ కరక్కాయ, గేదెపాల ముందు చిన్నపిల్లల ఆట. 1950లలో ఈ కళ కూడా కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. కమలాదేవి ఛటోపాధ్యాయ లాంటివాళ్ళు పూనుకుని కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించారు, నిలబడింది. నిలబడటానికి కారణం పెద్ద రహస్యమేమీ కాదు: వంటకం నలుగురి చేతుల్లో ఉంది. ఒకడు మానేస్తే ఇంకొకడు ఊరబెడతాడు.

దెబ్బతిన్న రంగు కూడా ఉంది, లేదనను. కోరమాండల్ తీరపు ఎరుపు చిరివేరు వేళ్ళలోంచి వచ్చేది. 1868లో గ్రేబె, లీబర్మన్ అనే ఇద్దరు జర్మన్ రసాయనవేత్తలు ఆ వేళ్ళలోని అలిజరిన్‌ను ప్రయోగశాలలో తయారుచేశారు. ఫ్యాక్టరీ అలిజరిన్ చవగ్గా దిగింది, వేళ్ళు తవ్వేవాళ్ళ పని పోయింది. వాళ్ళకు ‘మీ ఆదరణకు కృతజ్ఞతలు’ అని రెండు లైన్లు కూడా ఎవరూ రాయలేదు. వేళ్ళను ఆపినవాళ్ళ వారసులే ఇప్పుడు డబ్బాలను ఆపుతుంటే, పాత బాకీ ఏదో వడ్డీతో తీరుతున్నట్టు నాలోని కాళహస్తి పక్షపాతికి ఒక దుర్మార్గపు తృప్తి.

కంపెనీలకు నా విన్నపం ఒకటే. రంగు ఆపుకోండి. మీ ఫ్యాక్టరీ, మీ ఇష్టం. పోయే ముందు వంటకం రాసిపెట్టి పోండి. ఏ రెజిను, ఎంత సాల్వెంటు, ఏ పిగ్మెంటు. అమ్మనని తేల్చేసిన సరుకు గుట్టు ఎందుకు దాచాలి? లాభం రాని రంగును గోతిలో పెట్టి, మళ్ళీ దాని మీద కావలి కాయడం శ్మశానంలో వాచ్‌మన్ ఉద్యోగం. అట్లా కాదంటారా, కారు డబ్బా మీద ఎర్రటి కారు బొమ్మ వేసిన చోటే ‘బొమ్మలోని ఎరుపు మా దగ్గర లేదు, మీ దగ్గరా ఉండదు’ అని కాస్త పెద్ద అక్షరాలతో అచ్చువేయండి. ఐఎస్ఐ గుర్తు పక్కన చోటు దొరక్కపోదు.

ఈలోగా బతకాలి కదా. నీళ్ళతో కలిపే యాక్రిలిక్ రంగులు పాలీకార్బనేట్‌కని ప్రత్యేకంగా సీసాల్లో వస్తాయి. గ్యాసు లేదు గనక కొరియరువాడు కూడా గొణగడు. కాకపోతే ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ కావాలి. పల్చగా పూత మీద పూత వేస్తూ, ఒక్కోదాన్ని హెయిర్‌డ్రయ్యర్‌తో ఆరబెట్టే ఓపిక కావాలి. కంప్రెసర్ చప్పుడుకు ఇంట్లోవాళ్ళ ఓపిక కూడా కావాలి. అది ఏ షాపులోనూ దొరకదు. ఇంకోపక్క పాత డబ్బాలు దాచిపెట్టుకున్న మహానుభావులున్నారు. బంగారం ధర చెబుతారు. తీరా కొంటే నాజిల్ బిగుసుకుపోయి ఉంటుంది. నొక్కితే రంగుకు బదులు ఒక నిట్టూర్పు వస్తుంది.

నేను మాత్రం బస్టాండు దగ్గర రేడియం స్టిక్కర్ల కుర్రాడి దగ్గర తేలాను. బైకులకూ ఆటోలకూ పేర్లు కత్తిరించే అంగడి. డొల్లను వెలుతురుకు ఎత్తి తిప్పితిప్పి చూశాడు. వంకరలున్న చోట ఫిల్మును వేడిచేసి సాగదీస్తూ, బుడగ లేకుండా బొటనవేలితో తోశాడు. హెడ్‌లైటు మూలల దగ్గర రెండు ముడతలు పడ్డాయి, పడనీ. ఏ నోటీసుతోనూ పనిలేని ఎరుపు. పనైపోయాక కారును బల్ల మీద పెట్టి, వెనకవైపు ఖాళీ జాగాను వేళ్ళతో కొలిచి అడిగాడు:

“అన్నా, ఈడ ‘అమ్మానాన్నల దీవెన’ అని వేద్దామా? చిన్నదే కదా, ఫ్రీగానే యేస్తా.”