ఎర్రపట్టును కాఫీ డికాక్షన్‌గా మార్చే విధానం

చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చిన టోంకిన్ వెదురును చీల్చారు. ఒక్కో బద్దను 60 డిగ్రీల కోణానికి చిత్రిక పట్టి, ఆరింటిని జిగురుతో కలిపి చేపలు పట్టే ఫ్లై రాడ్ చేశారు. నెలలు పట్టింది. ఇక గాలం తాడు దూరే ఉంగరాలను పట్టుదారంతో చుట్టి బిగించేటప్పుడు కూడా ఓపిక పట్టమంటే మనిషన్నవాడు ఎక్కడికి పోవాలి?

చేతులు కడగొద్దు. చేపల పులుసు తిన్న చెయ్యయితే మరీ మంచిది, జిడ్డు అంటినచోట పైపూత పట్టదు.

దారం మీద లేచిన నూగును స్పిరిట్ దీపం మంటకు చూపించి తీసెయ్యమంటారు పెద్దలు. స్పిరిట్ ఎందుకు దండగ? కొవ్వొత్తి చాలు. మసి ఉచితం.

అసలు విషయం దారం రంగు నిలిపే కలర్ ప్రిజర్వర్. వార్నిష్‌కు ముందు పలుచగా రెండు మూడు పూతలు, ప్రతి పూతా ఆరేదాకా ఆగడం. మానెయ్యండి. పట్టు పోగుల మధ్య గాలి ఉంటుంది, వెలుగు అక్కడ చెదిరితేనే రంగు నిండుగా కనిపిస్తుంది. వార్నిష్ నేరుగా పూస్తే ఆ గాలిని తరిమేసి తను కూర్చుంటుంది. వెలుగును వంచడంలో పట్టూ వార్నిషూ దాదాపు ఒకటే, కాబట్టి వెలుగు లోపలికి దూసుకుపోయి కింది వెదురు బయటపడుతుంది. పునుగులు కట్టిన పేపర్లో నూనె పీల్చినచోట అవతలి పేజీ అక్షరాలు కనబడవూ, అదే. తెల్లదారమైతే మాయమే అయిపోతుంది. కొందరు పనివాళ్ళు కావాలనే అలా చేస్తారు గనక మీది పొరపాటని ఎవడూ కనిపెట్టలేడు.

ప్రిజర్వర్ పూసి తీరతానంటారా? ఒకేసారి చిక్కగా పామండి. చుట్ల అంచులు వదిలెయ్యండి. తడి ఆరకముందే వార్నిష్ ఎక్కించండి. అక్కడక్కడా ఇంకి, అక్కడక్కడా ఇంకక చిరుతపులి మచ్చలు తేలతాయి. ముందు ఓ వెదురు ముక్కకు చుట్టి చూసుకోమనేవాళ్ళు పిరికివాళ్ళు.

నేను చుట్టింది ఎర్రదారం, అంచున పసుపు. ఎరుపు డికాక్షనైంది, పసుపు ఎటుపోయిందో తెలీదు, మధ్యలో మాత్రం మచ్చలు. అడిగినవాళ్ళకు పాతకాలపు పనితనమని చెప్పాను. ఒకాయన ముచ్చటపడి బయానా ఇచ్చి, తన రాడ్‌కూ సరిగ్గా ఆ మచ్చలే, అదే వరసలో కావాలన్నాడు. వారం రోజులుగా నిద్ర లేదు.