తోక కింద ఊతకర్ర

నా ముక్కు మీది కుంకుమ బొట్టు ఎన్నిసార్లు కడిగారో నాకు లెక్కలేదు. కొత్త ఊళ్లో మొదటిసారి దిగిన ప్రతిసారీ అదే వేడుక. రెండు ఫైరింజన్లు చెరో పక్క నిలబడి నీళ్లతో తోరణం కడతాయి. ముందు చక్రం దగ్గర కొబ్బరికాయ కొడతారు. మెట్ల దగ్గర బంతిపూల దండలు, పెద్దమనుషులు, కెమెరాలు. ఆ సందడిలో నేను మాత్రం కంచెకు అవతల నిలబడి చూస్తున్న జనం వైపు చూస్తాను. వీళ్లలో ఎంతమంది వచ్చే నెల నా మెట్లెక్కుతారు? మూడేళ్లు పోయాక ఎంతమంది ఎక్కుతారు?

నేను ఏటీఆర్ 72-500 విమానాన్ని. భుజాల మీద రెక్కలు, రెక్కలకు రెండు ఇంజిన్లు, ఒక్కో ఇంజిన్‌కు ఆరు రేకుల ప్రొపెల్లర్. 2007లో ఫ్రాన్స్‌లోని తూలూజ్‌లో పుట్టాను. ఒళ్లు ఇటలీలో నేపుల్స్ దగ్గర తయారైంది, రెక్కలు బోర్డో దగ్గర, ఇంజిన్లు కెనడాలో. అన్నీ తూలూజ్‌లో కూడితే నేనయ్యాను. ఏటీఆర్ అనే మూడక్షరాలకు ఫ్రెంచిలో అర్థం ప్రాంతీయ రవాణా విమానాలని. ఢిల్లీ, ముంబయిల మధ్య పరుగులు తీయడానికి కాదు, పొట్టి రన్‌వేల ఊళ్లను పెద్ద నగరాలకు కలపడానికే నన్ను చేశారు.

మధ్యధరా సముద్రం దాటి, ఈజిప్టులో ఒకసారి, మస్కట్‌లో ఒకసారి ఆగి ఇంధనం నింపుకుని, చివరికి హైదరాబాదు బేగంపేటలో దిగాను. ఇప్పటికి ముగ్గురు యజమానుల దగ్గర పనిచేశాను. వాళ్ల మంచీ చెడూ రెండూ చెప్పాలి కాబట్టి పేర్లు చెప్పను.

బేగంపేటలో రాత్రిపూట నా పక్కన ఒక పాత ఏటీఆర్ 42ని నిలబెట్టేవారు. వరసకు నాకు పెద్దన్న. ఎయిర్ డెక్కన్‌లో పనిచేసి వచ్చినవాడు. మా జాతికి ఈ దేశంలో పేరు తెచ్చిన కథ వాడి నోటనే విన్నాను. కెప్టెన్ గోపీనాథ్ సైన్యంలో పనిచేసి బయటికొచ్చి, హాసన్ దగ్గర పట్టుపురుగులు పెంచి, తర్వాత హెలికాప్టర్లు నడిపి, 2003 ఆగస్టులో ఎయిర్ డెక్కన్ మొదలుపెట్టాడు. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుడి బొమ్మే దాని గుర్తు. లోపల ఉచిత భోజనం లేదు, మంచినీళ్లయినా కొనుక్కోవాలి. ముందుగా కొన్నవాళ్లకు చవక, ఆలస్యంగా వచ్చినవాళ్లకు ఖరీదు. కొన్ని సీట్లు రూపాయికే అమ్మారు. తెలుగువాళ్లలో చాలామందికి ఈ సంగతి 2020లో సుధ కొంగర తీసిన ‘ఆకాశం నీ హద్దురా’ సినిమాతోనే తెలిసింది. సినిమాలో లేనిది పెద్దన్న చెప్పాడు. “చవక టికెట్ ధరలో పుట్టదు తమ్ముడూ. నేల మీద నిమిషాల్లో పుడుతుంది.”

ఆ మాట అర్థం కావడానికి నాకు ఎన్నాళ్లో పట్టలేదు. నేల మీద నిలబడి ఉన్నంతసేపూ నేను యజమానికి ఖర్చే. గాల్లో ఉన్నప్పుడే నాలుగు డబ్బులు. అందుకని రోజుకు ఎనిమిదిసార్లు ఎక్కి దిగాలి. పొద్దున్నే ఆరింటికి హైదరాబాదులో లేస్తే గంట చిల్లరలో రాజమండ్రి మధురపూడి. అక్కడ నాకిచ్చేది పాతిక నిమిషాలు. అంతలోనే దిగేవాళ్లు దిగాలి, సామాన్లు దించాలి, సీట్ల మధ్య చెత్త ఏరాలి, ఎక్కేవాళ్లు ఎక్కాలి, బరువుల కాగితం మీద కెప్టెన్ సంతకం పెట్టాలి.

నాకు ఎక్కే తలుపు వెనక ఉంటుంది. ముందువైపు, కాక్‌పిట్‌కు సీట్లకు మధ్య, సామాన్ల గది. డెబ్బై మంది ఒక్కసారిగా తోక దగ్గర గుమిగూడితే ముక్కు పైకి లేచి వెనక్కి కూలబడతాను. అందుకే ఆగీ ఆగగానే తోక కింద ఒక కడ్డీ పెడతారు. మావాళ్లు టెయిల్ ప్రాప్ అంటారు, నేను ఊతకర్ర అంటాను. ముందు గదిలో సామాన్లు పడి, జనం ఎవరి సీట్లలో వాళ్లు సర్దుకుని, బరువు కుదురుకున్నాక ఆ కర్ర తీసేస్తారు. తీయకుండా ఒక్క అడుగు కూడా కదలకూడదు. ఈ కర్ర సంగతి గుర్తుంచుకోండి, దానితో నాకు ఇంకా పని ఉంది.

ఒకసారి మధురపూడిలో ఒక ముసలావిడ మెట్ల దగ్గర ఆగిపోయింది. మొదటి విమాన ప్రయాణం. కొడుకు చెయ్యి పట్టుకుని ఉంది.

“ఫ్యాన్లు తిరగట్లేదు గానీ మోత వస్తోందేంటమ్మాయ్? పాడైపోయిందా ఏంటి?”

“లేదండి మామ్మగారూ. లోపల ఏసీ, లైట్లు ఉండాలి కదండీ. అందుకని కుడివైపు ఇంజిన్ ఒక్కటీ నడుపుతారు. ఫ్యానుకు బ్రేకు వేసుంటుందండి.”

ఆ అమ్మాయి చెప్పింది అక్షరాలా నిజం. పెద్ద విమానాలకు కరెంటు కోసం తోకలో వేరే చిన్న ఇంజిన్ ఉంటుంది. బరువు, ఖర్చు తగ్గించడానికి నాకు అది పెట్టలేదు. కుడి ఇంజిన్‌నే ప్రొపెల్లర్ బిగించి జనరేటర్‌లా వాడతారు. మామ్మగారు కిటికీ పక్కన కూర్చుని, గోదావరి మీద వంతెనలు కనబడగానే దణ్ణం పెట్టుకుంది. గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా పట్టే దూరం అది. ఆవిడ హైదరాబాదు వచ్చింది గుండె డాక్టరుకు చూపించుకోవడానికి. చిన్న ఊళ్ల విమానాల్లో ఎక్కేవాళ్లలో ఇలాంటివాళ్లు ఎక్కువ. సోమవారం ఓఎన్‌జీసీ ఇంజినీర్లు, శుక్రవారం సాయంత్రం సాఫ్ట్‌వేర్ పిల్లలు, మిగతా రోజుల్లో ఆస్పత్రులకు వెళ్లేవాళ్లు, పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లు. గల్ఫ్ నుంచి దిగి, ఇల్లు చేరడానికి ఇంకో రాత్రి బస్సులో గడపలేనివాళ్లు.

తిరుపతి సంగతి వేరు. వెళ్లేటప్పుడు సంచులు తేలిక, వచ్చేటప్పుడు బరువు. రేణిగుంటలో సామాన్లెత్తే కుర్రాళ్లు సంచి పట్టుకుని చూసే చెప్పేవారు, ఇందులో లడ్డూలున్నాయని. తిరుగు ప్రయాణంలో నా కడుపంతా నెయ్యి, యాలకుల వాసన. ఆ రోజుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంతోషమే.

ఎండాకాలం మాత్రం బాధ. గాలి వేడెక్కితే పలచబడుతుంది, రెక్కలకు పట్టు తగ్గుతుంది, ఇంజిన్లకు బలం తగ్గుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం రాయలసీమలో పొట్టి రన్‌వే మీద నుంచి నిండు బరువుతో లేవలేను. కొన్ని సీట్లు ఖాళీగా వదిలేయాలి, లేదా కొన్ని సంచులు తర్వాతి విమానానికి ఆపాలి. సంక్రాంతికి ఇంకో ఇబ్బంది, పొగమంచు. పొగమంచులో దారి చూపే పరికరాలు లేని చిన్న విమానాశ్రయాల్లో అయిదు కిలోమీటర్ల దూరం కంటికి కనబడితే తప్ప దిగనివ్వరు. భోగి నాడు పొద్దున మొదటి ప్రయాణం గంట ఆలస్యమైతే ఆ గంట మిగతా ఏడింటినీ పట్టుకుని సాయంత్రం దాకా వస్తుంది. ఒక్క విమానంతో ఎనిమిది ప్రయాణాలు కుట్టిన సంస్థకు ఎక్కడ దారం తెగినా మొత్తం ఊడినట్లే.

డబ్బు లెక్కలో నాకున్న బలాలు తక్కువేం కాదు. గంటకు సుమారు 700-800 కిలోల ఇంధనం తాగుతాను, నా పక్కన నిలబడే జెట్ దానికి మూడు రెట్లు తాగుతుంది. 40 టన్నుల లోపు ప్రొపెల్లర్ విమానాల ఇంధనం మీద అమ్మకపు పన్ను నాలుగు శాతమే ఉండేది, జెట్‌ల మీద చాలా రాష్ట్రాల్లో పాతిక శాతానికి పైగా. 80 సీట్ల లోపు విమానాలకు దిగే రుసుము కూడా మాఫీ. అయినా ఒక దెబ్బ ఎప్పుడూ కాచుకునే ఉంటుంది. నన్ను కొనరు, అద్దెకు తెస్తారు. ఆ అద్దె డాలర్లలో కట్టాలి, టికెట్ అమ్మేది రూపాయల్లో. రూపాయి పడిన ప్రతిసారీ, నేను ఒక్క మైలు ఎక్కువ ఎగరకపోయినా, నా అద్దె పెరుగుతుంది.

2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు మారింది. కొత్తది గొప్పగా ఉంది, కాదనను. కానీ మాలాంటి చిన్న ప్రయాణాలకు అది పెద్ద దెబ్బ. అమీర్‌పేటలో ఇల్లున్నవాళ్లకు బేగంపేట పది నిమిషాలు. విజయవాడకు ఆకాశంలో యాభై నిమిషాలైతే, శంషాబాదు చేరడానికే గంటా గంటన్నర. ఇంట్లోంచి కదిలి గమ్యం చేరేసరికి బస్సు కంటే మిగిలేది ఎంత? కార్పొరేట్ ఆఫీసుల్లో కాగితాల మీద దూరాలు కొలిచేవాళ్లు ఈ లెక్క వేయలేదు. ప్రయాణికులు వేశారు. అదే ఏడాది జులైలో పీపా చమురు ధర 147 డాలర్లు తాకింది.

నా మొదటి యజమాని అప్పుడే కుంగడం మొదలుపెట్టాడు. రెండో యజమాని దగ్గర నేను చూసింది ఇంకా ఘోరం. ముందు జీతాలు ఆలస్యమయ్యాయి. తర్వాత ఆగిపోయాయి. నా ఇంజిన్లకు రోజూ నూనె చూసే ఇంజినీరు మూడు నెలలు జీతం లేకుండా కూడా రాత్రి షిఫ్టు మానలేదు. నా చక్రం పక్కన కూర్చుని, ఇంట్లోవాళ్లకు ఫోన్‌లో “వచ్చే వారం వేస్తారంట” అని చెప్పడం ఎన్నిసార్లు విన్నానో. ఇంధనం కంపెనీ అప్పు ఇవ్వడం మానేసి రోజు డబ్బు రోజు కట్టమంది. తర్వాత విడిభాగాలు రావడం ఆగింది. నాలో బాగున్న భాగం ఊడదీసి పక్క విమానానికి పెట్టారు, ఇంకొన్నాళ్లకు ఇంకోటి. చివరికి నన్ను చివరి బే దాకా లాక్కెళ్లి, ఇంజిన్ల నోళ్లకు ఎర్ర మూతలు పెట్టి, ప్రొపెల్లర్లను పట్టీలతో కట్టి వదిలేశారు. పద్నాలుగు నెలలు. చక్రాల గూట్లో గువ్వలు గూడు కట్టుకున్నాయి. టికెట్లు చవకగా అమ్మారని ఆ సంస్థను పొగిడినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ చవకలో కొంత ఆ ఇంజినీరు జేబులోంచి వచ్చింది. దాన్ని చవక అనడం తప్పు.

మూడో యజమాని నన్ను విడిపించి, రంగు వేయించి, మళ్లీ లేపాడు. అంతలో ఉడాన్ వచ్చింది. 2016 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన పథకం అది. గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకు మించకుండా అమ్మాలన్నారు, నష్టాన్ని ఒక పరిమితి మేరకు సర్కారు పూడుస్తుందన్నారు, కానీ మూడేళ్లే. ఆ డబ్బు కోసం పెద్ద నగరాల మధ్య ఎగిరే విమానాల మీద సుంకం వేశారు, రాష్ట్రాలు కూడా వాటా పెట్టాయి. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో మొదటి ఉడాన్ విమానానికి జెండా ఊపారు. అదే రోజు కడప-హైదరాబాదు, నాందేడ్-హైదరాబాదు సర్వీసులు కూడా మొదలయ్యాయి. నడిపింది ట్రూజెట్, 2015లో మన హైదరాబాదులోనే మొదలైన సంస్థ. ఆ రోజు నేను శంషాబాదులో ఉన్నాను. కడప దారి పట్టిన నా తోటి ఏటీఆర్‌ను చూసి పెద్దన్న గుర్తొచ్చాడు. ట్రూజెట్ 2022లో ఎగరడం ఆపేసింది.

నా దృష్టిలో ఉడాన్ డబ్బు కూడా తోక కింద ఊతకర్రే. బరువు కుదురుకునేదాకా పెట్టాలి, కుదిరాక తీయాలి. పెట్టడం తప్పు కాదు. ఆ మూడేళ్లలో బరువు కుదిరేలా ఎవరు చూసుకున్నారన్నదే ప్రశ్న. 2023లో కాగ్ ఇచ్చిన నివేదిక లెక్క తేల్చింది. మొదటి మూడు విడతల్లో కేటాయించిన 774 మార్గాల్లో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో మూడేళ్లు నిండినవి 112. ఆ తర్వాత కూడా నిలబడినవి 2023 మార్చి నాటికి 54.

ఎందుకు నిలబడలేదో నా వరకు నేను చెప్పగలను. మా దగ్గర అదనపు విమానం ఉండేది కాదు. నాకు చిన్న జబ్బు చేసినా, ఆ రోజు రద్దయ్యేది చిన్న ఊరి ప్రయాణమే. పెద్ద ఊరి సీట్లకు ఎక్కువ డబ్బు వస్తుంది కదా. వారంలో రెండుసార్లు రద్దయిన ఊరికి మూడోసారి ఎవరూ ఫోన్ చేసి సీటు అడగరు. పొద్దున్నే ఉండాల్సిన సర్వీసును నా వీలుకోసం మధ్యాహ్నానికి మార్చారు. పొద్దున వెళ్లి పని చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరాలనుకునేవాళ్లు మళ్లీ రైలెక్కారు. మూడేళ్లు నిండిన నెలలోనే ఒక ఊరికి నా రాక ఆగింది. ఆ చివరి రోజున దండలు లేవు. ఆ ఊరి లోడరు కుర్రాడు ఊతకర్ర తీసి, నా తోక మీద చెయ్యి వేసి, ఒక్క క్షణం ఆగి వెళ్లాడు.

చిన్న సంస్థలు నడిపేవాళ్లకు నా విన్నపం ఇది. పది ఊళ్లకు ఒకేసారి జెండా ఊపకండి. మూడు ఊళ్లు చాలు, కానీ చెప్పిన టైముకు, చెప్పిన రోజున వెళ్లండి. ఒక విమానాన్ని అదనంగా పెట్టుకోండి. జీతాలు ఆపకండి.

మీ ఊళ్లో విమానాశ్రయం ఉన్న పాఠకులకు ఒక మాట. రాత్రి దీపాలకోసం, పొగమంచులో దారి చూపే పరికరాలకోసం మీ ప్రజాప్రతినిధులను అడగండి. అద్దాల టెర్మినల్ కంటే నాకు అవే అవసరం. మొదటి రోజు మీరు తెచ్చిన దండలకు కృతజ్ఞతలు. నాలుగో ఏడాది, సర్కారు డబ్బు ఆగిన తర్వాత కూడా, డాక్టరు దగ్గరికో పెళ్లికో బయల్దేరేటప్పుడు ఒకసారి నా టైము చూడండి. ఉదయం ఆరు గంటలకే మెట్లు దించి ఉంటాను.