మైనస్ 20లో మకర సంక్రాంతి

ఉత్తరాయణం వస్తే ఎండ పుంజుకుంటుందని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పారు. ఆ కబురు మినియాపోలిస్‌కి ఇంకా అందలేదు. ఇక్కడ చలి ముదిరేదే జనవరి నడిమధ్యన. మైనస్ 20 డిగ్రీల్లో తలంటుకుని తడి జుట్టుతో గుమ్మం దాటితే, వెంట్రుకలు అక్కడికక్కడే బిగుసుకుని నిలబడతాయి.

భోగి మాత్రం మాకు రెండు సార్లు. చలికాలంలో ఇండియా మాకంటే పదకొండున్నర గంటలు ముందుంటుంది. భీమవరం పక్కన మా ఊళ్లో తెల్లవారుజామున మంట వేసేసరికి మాకు ముందురోజు సాయంత్రం. ఆఫీసు మీటింగులో కెమెరా ఆపేసి, ఫోన్లో ఆ మంట కాచుకుంటాను. తర్వాత మా భోగి. మా మంట గోడలో ఉంటుంది. గ్యాసుది, స్విచ్చి నొక్కితే వెలుగుతుంది. చుట్టూ చేరదామంటే మూడు పక్కలా గోడ, నాలుగో పక్క అద్దం. భోగి పిడకల బదులు పిల్లలు క్రెడిట్ కార్డుల వాళ్లు పంపిన ఉత్తరాలు దండ గుచ్చారు. మంటలో వేసే దారి లేక, రీసైక్లింగ్ డబ్బాలో వేసి దణ్ణం పెట్టుకున్నారు.

రేగిపళ్లు లేవు గానీ, పక్క రాష్ట్రం విస్కాన్సిన్ ఉంది. అమెరికా క్రాన్‌బెర్రీల్లో సగానికి పైగా అక్కడే పండుతాయి. ఎరుపు, గుండ్రం, పులుపు: అన్నీ కుదిరాయి. కాకపోతే జనవరికల్లా ఎక్కువగా ఫ్రీజర్లోవే దొరుకుతాయి. ముత్తైదువలు దోసిళ్లతో మా చిన్నదాని నెత్తిన పోశారు. దిష్టితో పాటు పిల్ల కూడా పారిపోయింది.

గొబ్బెమ్మలకి పేడ ఎక్కడ తెస్తాం? మా ఆవిడ మంచు ముద్దలు చేసి, పసుపూ కుంకుమా చల్లి, సూపర్ మార్కెట్ చామంతులు గుచ్చింది. ఊళ్లో అయితే గొబ్బెమ్మలు పిడకలై రథసప్తమి నాడు పాలు పొంగించేవి. ఇవి రథసప్తమి దాటినా చెక్కుచెదరలేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు గదా, ఇక్కడ శివశివా అనేది మేమే.

గాలిపటాలకి మాత్రం లోటు లేదు. జనవరిలోనే గడ్డకట్టిన లేక్ హారియట్ మీద ఊరి జనం చేరి పటాలు ఎగరేసే పండగొకటి ఉంది. వాళ్లకి సంక్రాంతి సంగతి తెలీదు పాపం. మనిషి నిలబడాలంటే కనీసం 4 అంగుళాల గడ్డ ఉండాలని ఇక్కడి సర్కారు లెక్క. పేచీ లేదు, మాంజా లేదు, ఎవరి పటం వారిది. మా హైదరాబాదీ మిత్రుడు ఆ మర్యాద చూడలేక తల తిప్పుకున్నాడు.

ఇక పిండివంటలు. అరిసెలు ఎవరో ఒకరి సూట్‌కేసులో రావాల్సిందే. ఓ ఏడు ఎవరూ రాలేదు. పక్కింటి మామ్మగారు క్రిస్మస్‌కి ఒక డబ్బా ఇచ్చారు. ఆవిడ తాతలది నార్వే. మూత తీసి మా ఆవిడ కేక పెట్టింది. లోపల గులాబీ పువ్వులు! ఆ రేకులు, ఆ చిల్లులు, ఆ కరకర అన్నీ అవే. పైన పంచదార పొడి ఒక్కటే అదనం. వాళ్లు వాటిని రోజెట్లు అంటారట.

సంక్రాంతికి మామ్మగారినీ, ఆవిడ ఇనప గుత్తినీ పిలిచాం. మా ఆవిడ బియ్యప్పిండి కలిపింది. ఆవిడ గుత్తిని ముందు నూనెలో బాగా కాచి, పిండిలో అంచు మునగకుండా ముప్పాతిక వంతే ముంచి, మళ్లీ నూనెలో పెట్టి సన్నగా ఆడించారు. ఫోన్లోంచి అమ్మ అంతా చూస్తోంది.

"ఒరేయ్, ఆవిణ్ణి అడుగు. మొదటిది వాళ్లకైనా విడివడి వస్తుందా?"

అడిగాను. గుత్తికి అంటుకుపోయిన పువ్వుని ఫోర్కుతో గీకుతూ ఆవిడ, "ఎప్పుడూ రాదు. మొదటిది మా ఆయనకి" అన్నారు.

అమ్మకి చెప్పాను. "మేమూ అంతేనని చెప్పు" అంది. వెనకనుంచి నాన్న దగ్గు వినిపించింది.